బూట్లు లేకపోవడం వల్లే 1950 ప్రపంచకప్‌కు మనవాళ్లు వెళ్లలేదా?

సైదాబాద్_సరళ
పోయిన ఆదివారం మా కాలనీలో జరిగిన క్విజ్‌లో ఆఖరి ప్రశ్న వరకు మా జట్టే ముందుంది. "1950లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచకప్‌లో చోటు దక్కినా భారత ఫుట్‌బాల్ జట్టు ఎందుకు వెళ్లలేదు?" అన్నది ఆ ఆఖరి ప్రశ్న. ప్రయాణం, సన్నాహాలకు చాలని సమయం, ఒలింపిక్స్‌కు ఇచ్చిన ప్రాధాన్యం అని మూడు కారణాలు నేను రాసి ఇచ్చాను. నిర్వాహకుల కాగితంలో మాత్రం "ఆటగాళ్లు బూట్లు లేకుండా ఆడతామంటే ఫిఫా ఒప్పుకోలేదు" అన్న ఒక్క వాక్యమే ఉంది. నా జవాబు తప్పని కొట్టేశారు, మేము రెండో స్థానంతో సరిపెట్టుకున్నాము. బహుమతి పోయినందుకు నాకు బాధ లేదు, కానీ అక్కడ కూర్చున్న నలభై మంది పిల్లలు ఆ ఒక్క వాక్యాన్నే నిజమని నోట్ చేసుకోవడం చూసి మనసు చివుక్కుమంది. నిర్వాహకులకు వివరంగా ఉత్తరం రాయాలనుకుంటున్నాను. తేదీలతో, స్కోర్లతో సాయం చేయగలవారు ఉంటే చెప్పండి.

కాకినాడ_కిక్
మా స్కూల్లో పీఈటీ మాస్టారు కూడా ఈ బూట్ల కథే చెప్పేవారు. ఇన్నేళ్లుగా ఇంతమంది చెబుతున్న మాట పూర్తిగా తప్పని అంత తేలిగ్గా ఒప్పుకోలేకపోతున్నాను. నిప్పు లేనిదే పొగ రాదు కదా.

పాతపేపర్లు
సరళ గారూ, వరస తెలిస్తే సగం చిక్కు దానంతట అదే వీడిపోతుంది కాబట్టి మొదటి నుంచి రాస్తున్నాను.

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు ఫిఫా సభ్యత్వం 1948లో దక్కింది. 1950 అర్హత పోటీల్లో మన దేశాన్ని బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌తో కలిపి ఒక గ్రూపులో వేశారు. ఆ మూడు దేశాలూ తప్పుకోవడంతో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే మనకు చోటు దొరికింది. 1950 మే 22న రియో డి జనీరోలో డ్రా తీసి మనల్ని స్వీడన్, ఇటలీ, పరాగ్వేలతో మూడో గ్రూపులో ఉంచారు. టోర్నీ జూన్ 24న మొదలైంది. డ్రా అయ్యాకనే మన సమాఖ్య తప్పుకుంది కనుక ఆ ఖాళీలోకి మరో జట్టును తెచ్చుకునే వ్యవధి కూడా నిర్వాహకులకు మిగలలేదు.

ఆనాడు సమాఖ్య చెప్పుకున్న కారణాలు దూర ప్రయాణం, దాని ఖర్చు, అభ్యాసానికి చాలని సమయం, జట్టు ఎంపికలో తెగని అభిప్రాయభేదాలు. ఖర్చులో పెద్ద వాటాను భరించడానికి బ్రెజిల్ నిర్వాహకులు సిద్ధపడ్డారు కాబట్టి డబ్బు ఒక్కటే అడ్డమని కూడా అనలేము. ఆ జట్టుకు నాయకత్వం వహించాల్సిన శైలేన్ మన్నా చాలా ఏళ్ల తర్వాత మాట్లాడుతూ, ప్రపంచకప్ ఎంత పెద్దదో అప్పట్లో తమకు తెలియదని, తమ దృష్టిలో ఒలింపిక్సే సర్వస్వమని చెప్పారు. బూట్ల మాట అసలు కారణం కాదన్నది కూడా ఆయన మాటే. మీ జవాబుకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదని నా అభిప్రాయం.

బొల్లారం_బాబాయ్
కిక్ గారు అన్న నిప్పు ఎక్కడుందో నేను చెబుతాను. మన ఆటగాళ్లలో చాలామంది నిజంగానే వట్టి కాళ్లతో ఆడేవారు. మా తాతగారు సికింద్రాబాద్ మైదానాల్లో ఆడిన మనిషి. పాత పంచెను నాలుగు వేళ్ల వెడల్పున నిలువుగా చింపి, ఆ పేలికను చీలమండ చుట్టూ మూడు చుట్లు, పాదం మీదుగా రెండు చుట్లు తిప్పి, బొటనవేలు మాత్రం బయటికి ఉంచి ముడి వేసుకునేవారు. ఆ వేలితోనే బంతి ఎటు తిరగాలో నిర్ణయిస్తామని ఆయన చెప్పేవారు. వానాకాలం తోలుబంతి నీళ్లు పీల్చి బరువెక్కితే మాత్రం ఆ వేలే ముందు దెబ్బ తినేది. ఆయన కుడి బొటనవేలి గోరు చివరిదాకా నల్లగానే ఉండిపోయింది. చిన్నప్పుడు నేను దాన్ని ముట్టుకుని చూసేవాణ్ణి.

అందువల్ల వట్టి కాళ్లతో ఆడారన్నది నిజం. దాన్ని కారణంగా చేసి చెప్పడం దగ్గరే తప్పు జరిగింది.

కాకినాడ_కిక్
బాబాయ్ గారి మాట మనసుకు తాకింది. అయినా నాకు ఒక అనుమానం మిగిలే ఉంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లను బూట్లు లేకుండా చూసిన తర్వాతే ఫిఫా కొత్త నిబంధన పెట్టిందని చాలాచోట్ల చదివాను. అది నిజమైతే 1950కి అడ్డం వచ్చే ఉండాలి కదా?

పాతపేపర్లు
మంచి ప్రశ్న వేశారు. 1948 జూలై 31న లండన్ శివారు ఇల్‌ఫర్డ్‌లో మనవాళ్లు ఫ్రాన్స్‌తో ఆడి 2-1తో ఓడారు. రెండు పెనాల్టీలు చేజారిన ఆ మ్యాచ్‌లో మన గోల్ రామన్‌ది. చాలామంది వట్టి కాళ్లతో ఆడిన మాట నిజమే. నాయకుడు తాలిమెరెన్ ఆవోను విలేకరులు దాని గురించి అడిగితే, మేము ఆడేది ఫుట్‌బాల్, మీరు ఆడేది బూట్‌బాల్ అని ఆయన జవాబిచ్చినట్టు చెబుతారు.

ఇప్పుడు 1952కు రండి. హెల్సింకి ఒలింపిక్స్‌లో కూడా మనవాళ్లలో పలువురు బూట్లు లేకుండానే ఆ చలిలో దిగి, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. మన ఏకైక గోల్ అహ్మద్ ఖాన్ చేశారు. ఆ ఓటమి తర్వాతనే మన సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. 1950లో వట్టి కాళ్లను అడ్డుకున్న నిబంధన ఒకటి ఉండి ఉంటే, రెండేళ్ల తర్వాత అంతర్జాతీయ పోటీలో అవే వట్టి కాళ్లను ఎలా అనుమతించారు? ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ నాకు జవాబు చెప్పలేదు.

కాకినాడ_కిక్
హెల్సింకి సంగతి నాకు తెలియదు. ఇది విన్నాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

విజయనగరం_వింగర్
కారణం ఏదైనా వెళ్లకపోవడమే మంచిదైందని నా అభిప్రాయం. హెల్సింకిలో పది గోల్స్ తిన్న జట్టు బ్రెజిల్‌లో ఇటలీ మీద ఏం నిలబడేది? ఇటలీ అప్పటికి వరసగా రెండుసార్లు, 1934లోనూ 1938లోనూ కప్పు గెలిచిన దేశం. స్వీడన్ 1948 ఒలింపిక్ విజేత. అలాంటి గ్రూపులో పడి పరువు పోగొట్టుకునేవాళ్లం.

డాలస్_శ్రీను
వింగర్ గారితో నేను ఏకీభవించలేను. అదే 1950 ప్రపంచకప్‌లో జూన్ 29న బెలో హొరిజాంటెలో జరిగిన మ్యాచ్‌ను గుర్తు చేసుకోండి. ఒకవైపు తొలిసారి ప్రపంచకప్‌కు వచ్చి అందరూ విజేత అవుతుందనుకున్న ఇంగ్లండ్, మరోవైపు పగలు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ ఆడే అమెరికా ఆటగాళ్లు. వాళ్లలో బడిపంతులు ఉన్నారు, శవవాహనం నడిపిన గోల్‌కీపర్ ఉన్నారు. 38వ నిమిషంలో హైతీలో పుట్టిన జో గేట్జెన్స్ తలతో తాకించిన బంతి గోల్ అయింది, మ్యాచ్ 1-0తో ముగిసింది. న్యూయార్క్‌లో చదువుకుంటూ ఒక హోటల్లో గిన్నెలు కడిగిన మనిషి ఆయన. తర్వాత హైతీకి తిరిగి వెళ్లిపోయారు. 1964లో అక్కడి నియంత దువాలియే పాలనలో ఆయనను పట్టుకుపోయారు, మళ్లీ ఎవరికీ కనబడలేదు. ఇక్కడ మా అబ్బాయి ఆడే క్లబ్బులో ఆ పేరు విన్న పిల్లలు ఇద్దరు ముగ్గురికి మించి లేరు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఆ అమెరికా జట్టు కూడా పరువు పోతుందని భయపడి బయలుదేరకుండా ఉంటే ఈ ఫలితం చరిత్రలో ఉండేదే కాదు.

పాతపేపర్లు
శ్రీను గారూ, ఆ మ్యాచ్‌కు కూడా ఒక కథ తగిలించారు. 1-0 అని తంతి వస్తే, ఇంగ్లండ్ ఓడడం అసాధ్యం కాబట్టి అది అచ్చుతప్పని అనుకుని ఒక పత్రిక 10-1 అని దిద్ది వేసిందంటారు. నేను పాత పత్రికలు తిరగేయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది, ఆ పేజీ మాత్రం ఇంతవరకు నా కంటపడలేదు. వినడానికి బాగున్న కథ రికార్డు పక్కన చేరితే దాన్ని విడదీయడం ఎంత కష్టమో చెప్పడానికే ఇది రాశాను.

విజయనగరం_వింగర్
అమెరికా అదే టోర్నీలో చిలీ చేతిలో 5-2తో ఓడి ఇంటికి వెళ్లింది కదా. ఒక్క మ్యాచ్ చూసి లెక్క కట్టకూడదు.

లెక్కల_మాష్టారు
వింగర్ గారు లెక్క అన్నారు కనుక నా వంతు.

ముందు ఇటలీ సంగతి. 1949 మే 4న సుపెర్గా కొండ మీద విమానం కూలి తొరీనో జట్టు మొత్తం చనిపోయింది. ఇటలీ జాతీయ జట్టుకు వెన్నెముక అయిన ఆటగాళ్లు వాళ్లే. ఆ భయంతో 1950లో ఇటలీ వాళ్లు విమానం మానేసి ఓడలో బ్రెజిల్ చేరారు. వచ్చి స్వీడన్ చేతిలో 3-2తో ఓడారు. స్వీడన్, పరాగ్వే 2-2తో సమానంగా నిలిచాయి, ఇటలీ పరాగ్వేను 2-0తో గెలిచింది. ఆ గ్రూపు కథ అంతే, మూడు మ్యాచ్‌లు, పదకొండు గోల్స్. 1934, 1938 ఇటలీని తలుచుకుని 1950 ఇటలీకి భయపడనక్కర్లేదు.

మనతో పాటు ఫ్రాన్స్ కూడా డ్రా తర్వాత తప్పుకుంది. రెండు మ్యాచ్‌ల మధ్య వేల కిలోమీటర్లు తిరగాల్సి రావడం వారి అభ్యంతరం. స్కాట్లండ్, టర్కీ అంతకు ముందే రామన్నాయి. పదహారు జట్లు ఉండాల్సిన చోట పదమూడే మిగిలాయి. దాంతో నాలుగో గ్రూపులో ఉరుగ్వే, బొలీవియా రెండే ఉండి ఒకే ఒక మ్యాచ్ జరిగింది, ఉరుగ్వే 8-0తో గెలిచి నేరుగా చివరి దశకు వెళ్లిపోయింది. ఇంత ఎగుడుదిగుడుగా గ్రూపులు ఏర్పడిన ప్రపంచకప్ మరొకటి లేదు. ఆరు, ఆరు, మూడు, ఒకటి, చివరి దశలో ఆరు కలిపితే 22 మ్యాచ్‌లు. మొత్తం గోల్స్ 88. సగటు సరిగ్గా నాలుగు.

మరకానా_మూర్తి
మాష్టారూ, సరళ గారి క్విజ్ వాళ్లు ఇంకో ప్రశ్న కూడా తప్పే అడిగి ఉంటారని నాకు అనుమానం. "1950 ఫైనల్లో ఎవరు గెలిచారు?" అని అడిగారా సరళ గారూ? ఆ ఏడు ఫైనల్ అనేదే లేదు. నాలుగు గ్రూపుల విజేతలు ఒకరితో ఒకరు లీగ్ పద్ధతిలో ఆడారు. గెలుపుకు రెండు పాయింట్లు, డ్రాకు ఒకటి. బ్రెజిల్ 7-1తో స్వీడన్‌ను, 6-1తో స్పెయిన్‌ను ఓడించి నాలుగు పాయింట్లతో ఉంది. ఉరుగ్వే స్పెయిన్‌తో 2-2 డ్రా చేసుకుని, స్వీడన్‌ను 3-2తో గెలిచి మూడు పాయింట్లతో నిలిచింది. ఆఖరి రోజున, జూలై 16న ఈ రెండే ఎదురుపడడం వల్ల అది ఫైనల్‌లా అయిపోయింది. ఫైనల్లో డ్రా అన్న మాటకు తావు ఉండదు, ఇక్కడ మాత్రం బ్రెజిల్‌కు డ్రా అయినా కప్పు దక్కేది.

మరకానా స్టేడియం తెరిచి అప్పటికి సరిగ్గా నెల. అధికారిక లెక్క ప్రకారమే 1,73,850 మంది టిక్కెట్లు కొన్నారు, లోపల ఉన్నవారు దాదాపు రెండు లక్షలని అంచనా. 47వ నిమిషంలో బ్రెజిల్ ఆటగాడు ఫ్రియాసా గోల్ కొట్టాడు. 66వ నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు ఘిజ్జా కుడివైపు నుంచి ఇచ్చిన బంతిని స్కియాఫినో లోపలికి కొట్టి సమం చేశాడు. 79వ నిమిషంలో ఘిజ్జా మళ్లీ అదే దారిలో వచ్చాడు. ఈసారి బంతి లోపలికి ఇవ్వలేదు, దగ్గరి పోస్టు పక్క సందులోంచి నేరుగా కొట్టేశాడు. 2-1. కప్పు ఉరుగ్వేది.

సైదాబాద్_సరళ
మూర్తి గారూ, ఆ ప్రశ్న కూడా అడిగారు. "ఫైనల్లో ఉరుగ్వే" అని చెప్పి మేమే మార్కులు తెచ్చుకున్నాము. అది తప్పు ప్రశ్న అని మాకు అప్పుడు తోచలేదు. ఉత్తరంలో దాన్ని కూడా రాస్తాను, మా మార్కులు తగ్గినా సరే.

గోల్‌కీపర్_గౌస్
నేను కాలేజీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడాను కాబట్టి ఆ రోజు బ్రెజిల్ గోల్‌కీపర్‌గా ఆడిన బార్బోసా తరఫున నాలుగు మాటలు రాయక తప్పదు. ఉరుగ్వే మొదటి గోల్ కుడివైపు నుంచి వచ్చిన బంతి వల్లే పడింది. పదమూడు నిమిషాల తర్వాత అదే మనిషి అదే చోటికి వస్తే, ఏ కీపరైనా ఒక అడుగు లోపలికి జరిగి క్రాస్ కోసమే చూస్తాడు. బార్బోసా చేసింది అదే. ఆ ఒక్క అడుగును చాలామంది పొరపాటు అంటారు. గోల్‌పోస్టుల మధ్య నిలబడినవాడికి మాత్రం అది సరైన అంచనా. ఫలితమే ఎదురు తిరిగింది. బ్రెజిల్‌లో అతి పెద్ద శిక్ష ముప్పై ఏళ్లయితే తాను మాత్రం యాభై ఏళ్లు అనుభవిస్తున్నానని ఆయన చివరి రోజుల్లో అన్నారు. 2000 ఏప్రిల్‌లో చనిపోయారు. ఘిజ్జా 2015 జూలై 16న, గోల్ కొట్టిన రోజుకు సరిగ్గా 65 ఏళ్లకు కన్నుమూశారు. ఈ రెండు తేదీలు కలిపి చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

కాకినాడ_కిక్
బ్రెజిల్ వాళ్లు తెల్ల చొక్కా వదిలేసింది ఆ ఓటమి తర్వాతేనా?

మరకానా_మూర్తి
అవును. అప్పటిదాకా వాళ్లది నీలం కాలరు ఉన్న తెల్ల చొక్కా. 1953లో ఒక పత్రిక పోటీ పెట్టి, జెండాలోని నాలుగు రంగులూ ఉండాలని షరతు విధించింది. గెలిచిన పసుపు చొక్కా నమూనా అల్దీర్ షలీ అన్న కుర్రవాడిది, అతను ఉరుగ్వే సరిహద్దు దాపున పెరిగినవాడు.

లెక్కల_మాష్టారు
రికార్డుల మాట వచ్చింది కాబట్టి ఇంకొక ముడి. 1950లో అత్యధిక గోల్స్ వీరుడు బ్రెజిల్ ఆటగాడు అదెమీర్. కొన్ని జాబితాలు ఆయనకు 9 గోల్స్ ఇస్తాయి, కొన్ని 8 ఇస్తాయి. మెక్సికో మీద 2, యుగోస్లావియా మీద 1, స్వీడన్ మీద 4, ఇంతవరకు పేచీ లేదు, ఏడు. స్పెయిన్ మీద రెండో సగంలో కొట్టినది ఎనిమిదోది. అదే మ్యాచ్‌లో పదిహేనో నిమిషంలో పడిన తొలి గోల్ దగ్గరే తేడా వస్తుంది. అది స్పెయిన్ డిఫెండర్ పర్రా కాలికి తగిలి లోపలికి పోయింది. దాన్ని అదెమీర్‌కు రాస్తే తొమ్మిది, సెల్ఫ్ గోల్‌గా రాస్తే ఎనిమిది. క్విజ్‌లో ఇది అడిగితే రెండు జవాబులూ ఒప్పుకోవాలి, లేదా ప్రశ్నే మానేయాలి.

విజయనగరం_వింగర్
ఇవన్నీ చదివాక ఇటలీ విషయంలో నా మాట సడలించుకుంటున్నాను. కానీ పరాగ్వేతో సమానంగా నిలిచేవాళ్లమని మీరెవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా?

బొల్లారం_బాబాయ్
గెలుపు సంగతి చెప్పలేను బాబూ. ఆ కాలంలో మన ఆట ఎటు నడిచిందో మాత్రం చెప్పగలను. మరుసటి ఏడాదే, 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో మేవాలాల్ గోల్‌తో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచాము, నాయకుడు అదే శైలేన్ మన్నా. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గెలుచుకుంది. ఆ జట్టును తీర్చిదిద్దినది బడిలో పాఠాలు చెప్పిన సయ్యద్ అబ్దుల్ రహీం.

ఆ రహీం గారి శిక్షణలోనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన తొలి ఆసియా దేశం మనదే. సెమీస్‌లో యుగోస్లావియా మీద ముందు గోల్ మనమే కొట్టి, చివరికి 4-1తో ఓడాము. కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది, మనది నాలుగో స్థానం. హెల్సింకిలో మన మీద పది గోల్స్ కొట్టిన అదే దేశాన్ని నాలుగేళ్లలో బూట్లు వేసుకుని వెళ్లి వణికించారు.

మా ఇంటికి కూతవేటు దూరంలోని అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ మెల్‌బోర్న్ జట్టులో ఉన్నారు. 1960 రోమ్‌లో హంగేరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టారు. 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారం తెచ్చిన జట్టులోనూ ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు మా వీధిలో సగం మందికి ఆయన ఎవరో నేనే చెప్పాల్సి వచ్చింది.

డాలస్_శ్రీను
1956 జట్టు ఉన్న స్థితిలో 1958 ప్రపంచకప్‌కు ప్రయత్నించి ఉంటే ఏమయ్యేదో అని ఆలోచించకుండా ఉండలేకపోతున్నాను. 1950లో ఒక్కసారి వెళ్లి ఓడినా, ఆ దారి తెలిసి ఉండేది.

విజయనగరం_వింగర్
శ్రీను గారి ఈ ఆఖరి మాటతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

సైదాబాద్_సరళ
అందరి మాటలూ చేర్చి రెండు పేజీల ఉత్తరం తయారు చేశాను. మొదటి పేజీలో డ్రా తేదీ, గ్రూపు, సమాఖ్య చెప్పుకున్న కారణాలు, మన్నా గారి మాట పెట్టాను. రెండో పేజీలో హెల్సింకి వాదన, ఫైనల్ లేని ప్రపంచకప్ సంగతి ఉన్నాయి. బాబాయ్ గారు చెప్పిన పంచె పేలికను కూడా రాశాను, వట్టి కాళ్ల సంగతి పిల్లలకు అబద్ధమని అనిపించకూడదు కాబట్టి. ఫొటో తీసి ఇక్కడ పెడుతున్నాను, రేపు పొద్దున ఇచ్చి వస్తాను.

లెక్కల_మాష్టారు
చదివాను, బాగుంది. రెండో పేజీ మూడో వరసలో హెల్సింకి ఏడాది 1951 అని పడింది, 1952 చేయండి. ఉరుగ్వే, స్పెయిన్ స్కోరు కూడా ఒకసారి చూసుకోండి, మీరు 2-1 అని రాశారు.

సైదాబాద్_సరళ
రెండూ సరిచేశాను మాష్టారూ.